ఫోర్ట్ కొచ్చిలో సాయంత్రం నడక: మీ వాళ్లకి మీరే గైడ్‌గా ఉండాలంటే

కొచ్చి వెళ్లొచ్చిన మనవాళ్లని ఫోర్ట్ కొచ్చిలో ఏం చూశారని అడగండి. చైనా వలల ముందు ఫొటో, వాస్కో డ గామా చర్చి, ఒక కాఫీ, గంటన్నరలో అయిపోయింది అంటారు. మున్నార్‌కీ అలెప్పీ హౌస్‌బోటుకీ మధ్య దొరికిన ఖాళీలో ఆటో ఎక్కి చుట్టేస్తే అంతే కనిపిస్తుంది మరి. అదే ఊళ్లో మధ్యాహ్నం దాటాక మొదలుపెట్టి చీకటి పడేదాకా ఒక వరసలో నడిస్తే, మిరియాల కోసం సముద్రాలు దాటి వచ్చినవాళ్లు ఈ రేవుని ఎలా పట్టుకున్నారో, పోర్చుగీసువాళ్లు, డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఎలా చేతులు మార్చుకున్నారో అడుగడుగునా తెలుస్తుంది. దీనికి డబ్బిచ్చి గైడ్‌ని పెట్టుకోనక్కర్లేదు. ఇంట్లో ఒకరు ముందు రోజు రాత్రి కాస్త చదువుకుని మిగతావాళ్లని తిప్పితే చాలు. ఆ ఒకరి కోసమే ఇది రాస్తున్నాను.

ముందు ఒక మాట. ఏ భవనం ఎవరు కట్టారు, ఏ సంవత్సరంలో కట్టారు అన్నది ప్రతి బోర్డు మీదా ఉంటుంది, అది మీరు చదివి వినిపించక్కర్లేదు. మీ వాళ్లని ఇంకో ప్రశ్న అడుగుతూ నడిపించండి: ఎవరు దేన్ని కూలగొట్టారు, దేన్ని ఉంచుకున్నారు, ఎందుకు? పోర్చుగీసువాళ్ల కోట ఉండాలి, లేదు. వాళ్ల పెద్ద చర్చి ఉండాలి, ఒక స్తంభమే మిగిలింది. చిన్న చర్చి మాత్రం నిక్షేపంలా ఉంది. ఈ లెక్క అర్థమైతే కొచ్చిలో వలస పాలన కథ మొత్తం అర్థమైనట్టే.

రోజు ఎంచుకోవడం దగ్గరే చాలామంది ప్లాన్ దెబ్బతింటుంది. ఫోర్ట్ కొచ్చి పక్కనే ఉన్న మట్టాంచేరిలో ప్యాలెస్‌కి శుక్రవారం సెలవు. యూదుల ప్రార్థనాలయానికి శుక్ర, శనివారాలు సెలవు, వాళ్ల పండగలకి కూడా మూసేస్తారు. అందుకని ఆదివారం నుంచి గురువారం లోపు పెట్టుకోండి. ఆదివారం జనం ఎక్కువ, కాబట్టి సోమవారం నుంచి గురువారం అయితే ఇంకా మంచిది. జూన్ నుంచి ఆగస్టు దాకా వాన గట్టిగా పడుతుంది, అక్టోబరు, నవంబరుల్లో కూడా సాయంత్రం పూట ఉరుముల వాన వస్తుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి హాయిగా ఉంటుంది. ఎండ కంటే ఉక్కపోతే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, కాబట్టి పలచటి నూలు బట్టలు వేసుకోండి, నీళ్ల సీసా, గొడుగు పట్టుకెళ్లండి. ప్యాలెస్, ప్రార్థనాలయం, చర్చిలు ఉన్నాయి కాబట్టి భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలైతే ఎక్కడా ఆపరు. చెప్పులు విప్పి వేసుకోవడానికి వీలుగా ఉండాలి, ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ లేసులు కట్టుకునే బూట్లతో వెళ్తే ప్రతిచోటా అందరూ మీకోసం ఆగాలి.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకల్లా ఎర్నాకుళం నుంచి పడవ ఎక్కండి. ప్రభుత్వ బోటు ఎర్నాకుళం జెట్టీ నుంచి దొరుకుతుంది, టికెట్టు చాలా తక్కువ. హైకోర్టు దగ్గర నుంచి వాటర్ మెట్రో కూడా ఉంది, అందులో ఏసీ ఉంటుంది. రోడ్డు మీద కారులో మాత్రం వెళ్లకండి. ఈ నడకలో సగం కథ నీళ్ల మీదే చెప్పాలి. పడవ కదిలాక కుడివైపు బోల్గాట్టి దీవి మీద ఒక బంగళా కనిపిస్తుంది, డచ్చివాళ్లు 1744లో కట్టుకున్నది. ఎడమవైపు ఉన్న విల్లింగ్డన్ దీవి మనుషులు చేసిన దీవి. ఎదురుగా వైపీన్ దీవికీ ఫోర్ట్ కొచ్చికీ మధ్య సందులోంచి సముద్రం కనిపిస్తుంది. మీ వాళ్లందరినీ ముందు ఆ సందు చూడనివ్వండి, ఎందుకంటే అన్నిటికీ మూలం అదే.

అక్కడ చెప్పాల్సింది ఇది. పాతకాలంలో ఈ తీరంలో పెద్ద రేవు కొచ్చి కాదు, ఉత్తరాన కొడుంగల్లూరు దగ్గరి ముచిరి, రోమ్ ఓడలు వచ్చింది అక్కడికే. 1341లో పెరియార్ నదికి పెద్ద వరద వచ్చింది. ఆ రేవు పూడిపోయి, ఇక్కడ కొచ్చి దగ్గర నీళ్లు సముద్రంలోకి కొత్త దారి చేసుకున్నాయి. అలా ఒక ఊరి నోట్లో మట్టి పడితే ఇంకో ఊరికి రేవు దొరికింది. పూడిక సంగతి మనకి కొత్తేం కాదు. మన మచిలీపట్నానికి కూడా ఒకప్పుడు ఇంగ్లీషువాళ్లు, డచ్చివాళ్లు, పరాసులు (ఫ్రెంచివాళ్లు) అందరూ వచ్చారు, కానీ తీరంలో నీళ్లు లోతు లేక ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరు వేయాల్సి వచ్చేది. కొచ్చికి కూడా ఆ బాధ తప్పలేదు, ముఖద్వారానికి అడ్డంగా ఇసుక మేట ఉండేది. 1920లో రాబర్ట్ బ్రిస్టో అనే ఇంజనీరు వచ్చి ఆ మేట తవ్వించాడు, 1928 మే 26న పద్మ అనే ఓడ లోపలి రేవులోకి వచ్చింది. రేవు లోతు చేస్తూ తవ్వి తీసిన మట్టితోనే ఎడమవైపు దీవిని తయారుచేశారు, దానికి లార్డ్ విల్లింగ్డన్ పేరు పెట్టారు. 1933 డిసెంబరులో మన విశాఖ హార్బరు ప్రారంభించింది కూడా ఆ విల్లింగ్డనే, అప్పటికి ఆయన వైస్రాయ్.

ఫోర్ట్ కొచ్చి జెట్టీలో దిగగానే అందరూ వలల వైపు పరిగెడతారు, మీరు వెళ్లకండి. వలలు చివరికి. అక్కడినుంచి ఆటో తీసుకుని నేరుగా మట్టాంచేరి ప్యాలెస్‌కి వెళ్లండి, రెండు మూడు కిలోమీటర్లే. ఊరు మొత్తం తిప్పుతాం, చాలా తక్కువకే అని జెట్టీ దగ్గర ఆటోవాళ్లు అడుగుతారు. అలా తిరిగితే మధ్యలో సుగంధద్రవ్యాల షోరూములు, చేనేత షోరూములు కూడా చూడాల్సి వస్తుంది, మీ గంట టైమ్ అక్కడే పోతుంది. ప్యాలెస్ దాకా మాత్రమే అని ముందే మాట్లాడుకోండి.

మట్టాంచేరి ప్యాలెస్‌ని అందరూ డచ్ ప్యాలెస్ అంటారు, కట్టింది మాత్రం పోర్చుగీసువాళ్లు. 1555 ప్రాంతంలో కొచ్చి రాజు వీర కేరళ వర్మకి కట్టించి ఇచ్చారు. దగ్గర్లో ఒక గుడిని దోచుకున్నందుకు రాజుని చల్లబరచడానికి ఇచ్చారని చెబుతారు. 1663లో డచ్చివాళ్లు వచ్చాక మరమ్మతు చేయించి తమ పేరు తగిలించుకున్నారు. లోపల రాజుల పల్లకీలు, కత్తులు, పట్టాభిషేకం హాలు ఉన్నాయి గానీ మీరు ఎక్కువసేపు నిలబడాల్సింది రాజు పడకగదిలో, గోడల నిండా రామాయణం బొమ్మలున్నాయి. కేరళ పద్ధతిలో వేసిన కుడ్యచిత్రాలు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, ఖాళీ అన్నది వదలకుండా. పిల్లలుంటే దశరథుడి పుత్రకామేష్టి దగ్గర మొదలుపెట్టి కథ వాళ్లనే వెతకమనండి. మనవాళ్లకి కథ ముందే తెలుసు కాబట్టి ఇక్కడ గైడ్ అవసరమే ఉండదు. తర్వాత కిందికి చూడండి. నల్లటి పాలరాయిలా మెరిసే ఆ నేల రాయి కాదు. కాల్చిన కొబ్బరి చిప్పలు, బొగ్గు, సున్నం, ఆకుపసర్లు, గుడ్డు తెల్లసొన కలిపి మెరుగుపెట్టిన గచ్చు. వంగి వేళ్లతో తాకి చూడమనండి, చల్లగా, నున్నగా తగులుతుంది. తెల్లవాళ్లు కట్టించి ఇచ్చిన ఇంట్లో ఆ పనితనం అంతా ఇక్కడి మేస్త్రీలది, ఆ మాట గట్టిగా చెప్పండి. లోపల ఫొటోలు తీయొచ్చో లేదో అక్కడే అడగండి.

అక్కడినుంచి యూదుల వీధిలోకి నడవడమే. ప్రార్థనాలయం మధ్యాహ్నం భోజనానికి మూసి మూడింటికి మళ్లీ తెరుస్తారు, సరిగ్గా ఆ టైమ్‌కి చేరితే రద్దీ తక్కువ. 1568లో కొచ్చి రాజు తన కోట పక్కనే ఇచ్చిన స్థలంలో కట్టుకున్నారు. స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో తరిమేస్తే వచ్చినవాళ్లు ఇక్కడ కూడా పోర్చుగీసువాళ్ల చేతికి చిక్కారు. డచ్చివాళ్ల పక్షం వహించారన్న కోపంతో 1662లో పోర్చుగీసువాళ్లు ఈ ప్రార్థనాలయాన్ని ధ్వంసం చేశారు. మరుసటి ఏడే కొచ్చి డచ్చివాళ్ల చేతికి వచ్చింది, యూదులు మళ్లీ కట్టుకున్నారు. లోపల నేల మీద పరిచిన పలకలు చైనా నుంచి తెచ్చినవి, నీలం రంగుతో చేత్తో వేసిన బొమ్మలు, ఏ రెండూ ఒకేలా ఉండవంటారు. పైన బెల్జియం గాజు దీపాలు. బయట 1760లో ఎజెకియెల్ రహబి కట్టించిన గడియారం స్తంభం చూపించండి, ఒక్కో ముఖం మీద ఒక్కో రకం అంకెలు, హీబ్రూ, రోమన్, మలయాళం. ఇజ్రాయెల్ ఏర్పడ్డాక ఇక్కడి యూదులు దాదాపు అందరూ వెళ్లిపోయారు. ఇప్పుడు వీధి నిండా పురాతన వస్తువుల దుకాణాలు. కొనడానికి ఎవరైనా ఆగితే వాళ్లు ఆగిపోయినట్టే, కొనుగోళ్లు ఇంకో పూట అని ముందే చెప్పేయండి.

ఇదే వీధిలో మిరియాల వర్తకుల సంఘం భవనం ఉంది. 1957 నుంచి ఇక్కడ మిరియాల ముందస్తు బేరాలు (తర్వాత అందించే సరుకుకి ముందే ధర కుదుర్చుకోవడం) కేకలు వేస్తూ నడిచేవి, మిరియాల ధర కోసం ప్రపంచం చాలా ఏళ్లు ఈ గది వైపు చూసింది. ఇప్పుడు అంతా కంప్యూటర్ల మీదకి పోయింది.

మట్టాంచేరి వదిలే ముందు ఒక్క చోటు, మామూలు టూరు గైడ్లు చాలామంది చూపించరు. మంగాట్టుముక్కు దగ్గర రోడ్డు పక్కన గోడకి ఆనుకుని కాప్పిరి ముత్తప్పన్ అనే దేవుడి చిన్న గద్దె ఉంది. పోర్చుగీసువాళ్లు ఆఫ్రికా నుంచి మనుషుల్ని బానిసలుగా ఇక్కడికి తెచ్చారు. 1663లో డచ్చివాళ్లు కోటని పట్టుకున్నప్పుడు పోర్చుగీసువాళ్లు తమ సొమ్ము గోడల్లో దాచి, దానికి కాపలాగా ఆ ఆఫ్రికావాళ్లని చంపి అక్కడే పాతిపెట్టారని ఊళ్లోవాళ్లు చెప్పుకుంటారు. ఆ చనిపోయినవాడే ముత్తప్పన్ అయ్యాడు. కొవ్వొత్తులు వెలిగిస్తారు, చుట్టలు, కల్లు, మాంసం పెడతారు, కులం మతం చూడకుండా అందరూ వచ్చి మొక్కుకుంటారు. రాజుల పేర్లు, గవర్నర్ల పేర్లు రాళ్ల మీద ఉన్నాయి, ఈ బానిసల పేరు ఏ రాతి మీదా లేదు, జనం మాత్రం చుట్ట వెలిగించి తలుచుకుంటున్నారు. నాకు ఈ నడక మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన చోటు ఇదే అనిపిస్తుంది. మొక్కుకునేవాళ్లు ఉంటే ఫొటోలు తీయకండి, పక్కన నిలబడి చూసి వచ్చేయండి.

ఇక బజార్ రోడ్డు. మట్టాంచేరి నుంచి కాల్వత్తి వైపు నీటి ఒడ్డునే వెళ్లే రోడ్డు ఇది. దీన్ని కచ్చితంగా కొంత దూరమైనా నడవాలి, పెద్దవాళ్లు ఉంటే సగం నడిచి మిగతా సగం ఆటో ఎక్కండి. రెండు వైపులా పాత గోదాములు, పెంకుల కప్పు, పెద్ద చెక్క తలుపులు. నీటి వైపు ఉన్నవాటికి వెనక తలుపు నేరుగా నీళ్లలోకి తెరుచుకునేది, సరుకు పడవల్లో వచ్చి అటునుంచి దిగి ఇటునుంచి బండెక్కేది. మిరియాలు, యాలకులు, శొంఠి, ఇప్పటికీ కొన్ని గోదాముల్లో బస్తాలు కనిపిస్తాయి, శొంఠి ఘాటు ముక్కుకి తగులుతుంది. తలుపు తీసి ఉంటే లోపలికి తొంగి చూడొచ్చా అని అడగండి, చాలామంది సరే అంటారు. బస్తాలు మోసేవాళ్ల దారికి మాత్రం అడ్డం నిలబడకండి.

మన తెలుగు తీరానికీ దీనికీ ఉన్న లంకె ఇక్కడే చెప్పాలి. కొచ్చిలో మిరియాలు కొన్న డచ్చి కంపెనీయే మచిలీపట్నం, పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నంలో బట్టలు కొనేది. ఇండోనేషియా దీవుల్లో లవంగాలకీ జాజికాయకీ బదులు అక్కడివాళ్లు కోరింది వెండి కంటే మన నేత బట్టని. మన నేతగాడి బట్ట ఓడెక్కి అక్కడ లవంగం అయ్యేది, ఆ లవంగం ఆమ్‌స్టర్‌డాంలో డబ్బు అయ్యేది. మీతో వచ్చినవాళ్లలో గోదావరి జిల్లాలవాళ్లు ఉంటే ఈ మాట దగ్గర తప్పకుండా ఆగి ఇంకో రెండు ప్రశ్నలు అడుగుతారు.

కాల్వత్తి కాలువ దాటితే ఫోర్ట్ కొచ్చి. ఇంగ్లీషువాళ్ల కాలంలో ఈ కాలువకి అటు కొచ్చి రాజు రాజ్యం, ఇటు బ్రిటిష్ కొచ్చి. రోడ్లు వెడల్పవుతాయి, నిద్రగన్నేరు చెట్లు గొడుగుల్లా పరుచుకుని ఉంటాయి. ఇక్కడ ఆగకుండా నేరుగా సెయింట్ ఫ్రాన్సిస్ చర్చికి, అంటే అందరూ వాస్కో డ గామా చర్చి అనేదానికి, వెళ్లండి, ఐదింటికి సందర్శకుల్ని ఆపేస్తారు అనుకుని నాలుగున్నరకల్లా చేరేలా చూసుకోండి.

ఈ చర్చి దగ్గర కాస్త ఎక్కువ చెప్పాలి. వాస్కో డ గామా 1498లో వచ్చింది కొచ్చికి కాదు, కోళిక్కోడ్ దగ్గరికి. 1500లో కబ్రాల్ అనే ఇంకో పోర్చుగీసు నావికుడు కొచ్చికి వచ్చాడు. కోళిక్కోడ్‌ని ఏలే సామూద్రితో కొచ్చి రాజుకి పడేది కాదు, ఆ తగవులో తోడుంటారని రాజు పోర్చుగీసువాళ్లని దగ్గరికి తీశాడు. 1503లో కోట కట్టుకోవడానికి అనుమతిచ్చాడు, భారతదేశంలో యూరప్‌వాళ్ల మొదటి కోట అది. కోటలోనే చెక్కతో చిన్న ప్రార్థనా మందిరం వేసుకున్నారు, 1516కి అది ఇటుకలతో పూర్తి చర్చి అయింది. గామా మూడోసారి వచ్చినప్పుడు వైస్రాయ్‌గా వచ్చి 1524 డిసెంబరు 24న కొచ్చిలోనే చనిపోయాడు, ఇక్కడే పాతిపెట్టారు. ఎముకల్ని తర్వాత పోర్చుగల్ పట్టుకెళ్లిపోయారు, ఇప్పుడు కటకటాల మధ్య మీరు చూసేది ఖాళీ సమాధి.

జనం ఆ సమాధి చూసి వెనక్కి తిరుగుతారు. మీరు గోడలు చూపించండి. ఒకప్పుడు నేల మీద ఉన్న సమాధి రాళ్లని తీసి గోడలకి అమర్చారు, ఉత్తరం గోడకి పోర్చుగీసువాళ్లవి, దక్షిణం గోడకి డచ్చివాళ్లవి. బతికున్నప్పుడు ఒకరినొకరు నరుక్కున్నవాళ్లు ఇప్పుడు ఒకే కప్పు కింద ఎదురెదురుగా ఉన్నారు. డచ్చివాళ్లు ప్రొటెస్టెంట్లు, 1663 జనవరిలో కోట చేతికి రాగానే క్యాథలిక్ మఠాలు, చర్చిలు పడగొట్టారు. ఈ ఒక్కదాన్ని తమ ప్రార్థనలకి ఉంచుకున్నారు. ఇంగ్లీషువాళ్లు వచ్చాక ఇది ఆంగ్లికన్ చర్చి అయింది, ఇప్పుడు చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాది. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ పనికొచ్చింది కాబట్టి నిలబడింది. తల ఎత్తితే పైన అడ్డంగా వేలాడే గుడ్డ పంకాలు కనిపిస్తాయి, వాటి తాళ్లు బయటికి వెళ్తాయి. లోపల దొరలు ప్రార్థన చేసుకుంటుంటే బయట ఎండలో కూర్చుని తాడు లాగిన మనిషి మనవాడు. పిల్లలకి ఈ ఒక్క తాడు చూపిస్తే చాలు, వలస పాలన అంటే ఏంటో వేరే వివరించనక్కర్లేదు.

బయటికి వస్తే పరేడ్ మైదానం. ముగ్గురి సైన్యాలూ కవాతు చేసిన నేల మీద ఇప్పుడు పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతుంటారు. మైదానం అంచున ఒక పాత చెక్క గేటు ఉంది, దాని మీద 1740 అంకె, వి, ఓ, సి అక్షరాలు ఒకదాంట్లో ఒకటి కలిపి చెక్కిన గుర్తు ఉంటుంది. డచ్చి ఈస్ట్ ఇండియా కంపెనీ ముద్ర అది. పిల్లల్ని ముందు పంపి ఆ గుర్తు వెతకమనండి, ఈ లోపు పెద్దవాళ్లు చెట్టు కింద కూర్చుంటారు. కూర్చున్న చోటే ఒక మంచి కథ చెప్పొచ్చు. డచ్చి గవర్నర్ వాన్ రీడ్ ఇక్కడి మొక్కల మీద ఒక మహా గ్రంథం చేయించాడు, హోర్టస్ మలబారికస్, ఆమ్‌స్టర్‌డాంలో 1678 నుంచి 1693 దాకా 12 సంపుటాలుగా అచ్చయింది. అందులో వైద్య పరిజ్ఞానం చాలా భాగం ఇట్టి అచ్యుతన్ అనే ఈళవ వైద్యుడిది, రంగభట్టు, వినాయక పండితుడు, అప్పుభట్టు అనే ముగ్గురు కొంకణి బ్రాహ్మలు కూడా సాయం చేశారు. వాళ్ల పేర్లు ఆ పుస్తకంలో అచ్చులో ఉన్నాయి, ఆ కాలానికి అది మామూలు విషయం కాదు.

తర్వాత సాంటా క్రూజ్ బసిలికా, నడిచే దూరమే. తెల్లగా రెండు శిఖరాలతో ఉన్న ఈ చర్చి 1905లో ప్రతిష్ఠ చేసినది. పైకప్పు, గోడల చిత్రాలు ఇటలీ నుంచి వచ్చిన మోస్కెని అనే జెస్యూట్ (ఒక క్యాథలిక్ సన్యాసుల సంఘం) చిత్రకారుడివి, ప్రతిష్ఠకి కొద్ది రోజుల ముందే ఆయన చనిపోయాడు. కానీ మీరు అసలు వెళ్లేది ఆవరణలో ఆగ్నేయం మూల ఉన్న ఒక రాతి స్తంభం కోసం. పోర్చుగీసువాళ్ల పాత కథీడ్రల్‌ని డచ్చివాళ్లు కూల్చకుండా ఆయుధాల గిడ్డంగి చేసుకున్నారు. 1795లో ఇంగ్లీషువాళ్లు కొచ్చిని పట్టుకున్నాక పడగొట్టేశారు. ఆ కథీడ్రల్‌లో మిగిలిన స్తంభం అది. ఊళ్లో పోర్చుగీసు గొప్పతనం ఎంత మిగిలిందో చూడాలంటే అదే కొలత.

ఇక్కడ టీ తాగండి. పళంపొరి, అంటే నేంద్రం అరటిపండు బజ్జీ, వేడిగా దొరికితే వదలకండి. ఐదున్నర దాటాక మళ్లీ మైదానం మీదుగా సముద్రం వైపు నడిస్తే డచ్చి శ్మశానం వస్తుంది. గేటు మీద 1724 అని ఉంటుంది, లోపల 104 సమాధులున్నాయి. గేటుకి మామూలుగా తాళం ఉంటుంది. లోపలికి వెళ్లాలనుకుంటే ఇందాక సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో ఉన్నప్పుడే అడగాలి, ఆ శ్మశానం వాళ్ల ఆధీనంలోనే ఉంది. లేకపోతే గోడ మీదుగా చూసినా బాగానే కనిపిస్తుంది. ఇక్కడ ఒక విషయం దాటేయకండి. డచ్చి కంపెనీ మిరియాలతో ఆగలేదు, కొచ్చి నుంచీ మన కోరమాండల్ తీరం నుంచీ మనుషుల్ని బానిసలుగా కొని బటావియాకీ (ఇప్పటి జకార్తా) సిలోన్‌కీ (ఇప్పటి శ్రీలంక) ఓడలెక్కించింది, కొచ్చి నుంచి దక్షిణాఫ్రికా కేప్‌కి కూడా పంపింది. వాళ్లకి సమాధులు లేవు.

శ్మశానం నుంచి సముద్రపు ఒడ్డు కాలిబాట పట్టుకుని ఉత్తరం వైపు నడవండి. నీళ్లలో, ఒడ్డున కనిపించే రాతి ముద్దలు కోట తాలూకు ముక్కలు. డచ్చివాళ్లు పోర్చుగీసు కోట పెద్దదైపోయిందని, కాపలా ఖర్చు ఎక్కువని చాలావరకు కుదించి చిన్నది చేసుకున్నారు. 1806లో ఇంగ్లీషువాళ్లు మందుపాతరలు పెట్టి దాన్ని పేల్చేశారు. యూరప్‌లో సంధి కుదిరితే కోట తిరిగి డచ్చివాళ్లకి ఇవ్వాల్సి వస్తుందేమోనన్న అనుమానంతో అలా చేశారని చెబుతారు. చివరికి 1814 ఒప్పందంలో కొచ్చి ఇంగ్లీషువాళ్లకే మిగిలింది, బదులుగా డచ్చివాళ్లకి సుమత్రా దగ్గరి బాంకా దీవి దక్కింది. ఇక్కడివాళ్లని గానీ అక్కడివాళ్లని గానీ ఎవరూ అడగలేదు. ముందుకి వెళ్తే బాస్టియన్ బంగ్లా, డచ్చి కోట స్ట్రోంబెర్గ్ బురుజు మీద 1667లో కట్టినది, ఇప్పుడు మ్యూజియం. ఆ వంపు తిరిగిన గోడని చూస్తే బురుజు ఆకారం తెలిసిపోతుంది, కోట ఎంత ఉండేదో ఊహించడానికి అది సాయపడుతుంది.

సూర్యాస్తమయం ఏడాది పొడవునా సుమారు ఆరు నుంచి ఆరూ యాభై ఐదు మధ్యలో ఉంటుంది. దానికి పది నిమిషాల ముందు వలల దగ్గరికి చేరండి. చైనా నావికులు తెచ్చారన్న కథ ఒకటి, పోర్చుగీసువాళ్లు చైనా తీరంలోని మకావు నుంచి తెచ్చారన్న వాదన ఒకటి, రెండూ చెప్పండి. అంతకంటే వల ఎలా పనిచేస్తుందో చూపించడం మేలు. టేకు దూలాల మీద నిలబెట్టిన పెద్ద తులాభారం లాంటిదది, ఒక చివర వల, ఇంకో చివర తాళ్లకి వరసగా కట్టిన బండరాళ్లు. నలుగురైదుగురు తాళ్లు లాగితే రాళ్లు ఒక్కొక్కటే దిగుతాయి, వల నీళ్లు కార్చుకుంటూ పైకి లేస్తుంది. చాలాసార్లు గుప్పెడు చేపలే పడతాయి. తాడు లాగి చూడమని మిమ్మల్ని పిలుస్తారు, లాగితే డబ్బు అడుగుతారు, అది వాళ్ల హక్కు, ముందే ఇంతని మాట్లాడుకుని సంతోషంగా ఇవ్వండి. పక్కన చేపల దుకాణాల్లో కొంటే దగ్గర్లోని హోటళ్లలో వండి పెడతారు. చేప బరువు, వండినందుకు కూలి, రెండూ వేరువేరుగా ముందే తేల్చుకోండి.

గైడ్‌గా మీరు పాటించాల్సినవి రెండు మూడు. ఒక్కో చోట నిలబెట్టి ఐదు నిమిషాలకి మించి మాట్లాడకండి, నీడ చూసుకుని నిలబెట్టండి, ప్రశ్న అడిగితే జవాబు తర్వాతి చోట చెప్పండి, అప్పుడు దారి పొడవునా ఆలోచిస్తారు. అమ్మమ్మలు, తాతయ్యలు ఉంటే బజార్ రోడ్డు తగ్గించి చర్చి, మైదానం, వలలు ఉంచండి. వీల్‌చైర్ ఉంటే ఒడ్డు కాలిబాట, చర్చి సులువు, ప్యాలెస్‌లో మెట్లున్నాయి. ఆడవాళ్లకి బాత్రూముల సంగతి దారిలో ఇబ్బంది, ప్యాలెస్ దగ్గరా టీ తాగే చోటా తప్పకుండా అడిగి చూసుకోండి.

తిరుగు పడవ టైమ్ మధ్యాహ్నం వచ్చేటప్పుడే జెట్టీలో అడిగి రాసుకోండి. రాత్రి పడవ తప్పిపోతే రోడ్డు మార్గం చుట్టూ తిరిగి రావాలి. ఇంకో పూట చేతిలో ఉంటే ఫోర్ట్ కొచ్చి నుంచి వాహనాలు ఎక్కించే రో-రో ఫెర్రీలో వైపీన్ దాటి, దీవి ఉత్తరం కొసన పళ్లిపురం కోటకి వెళ్లండి. 1503లో పోర్చుగీసువాళ్లు కట్టిన ఆరు పలకల చిన్న కోట, కొచ్చిలో పేల్చేసిన కోట ఎలా ఉండేదో కాస్త తెలియాలంటే ఇదే దిక్కు. డచ్చివాళ్లు దీన్ని 1789లో తిరువితాంకూరు (ట్రావన్‌కోర్) రాజుకి అమ్మేశారు, ఆ అమ్మకం మీదే టిప్పు సుల్తాన్‌తో తగవు ముదిరి మూడో మైసూరు యుద్ధం దాకా వెళ్లింది. బస్సులో ఓ గంట ప్రయాణం, ఉదయం పూట బయల్దేరండి.